రేడియో దాటిన సీమ పాట: ఎక్కించడం సులువే, వినిపించడమే కష్టం

కడప ఆకాశవాణి మీడియం వేవ్‌లో 900 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. 1963లో మొదలైన కేంద్రం. మీడియం వేవ్ తరంగాలు నేలను అంటిపెట్టుకుని చాలా దూరం పోతాయి కాబట్టి, కడపలో ఒక పెద్ద ట్రాన్స్‌మిటర్ ఉంటే చాలు, పక్క జిల్లాల్లో పొలం గట్టు మీద పెట్టిన సెట్టు కూడా పలికేది. ఇప్పుడు సీమలో ఏ ఊరికి వెళ్లినా చేతుల్లో ఉన్నది ఫోను. ఆ ఫోనుకు మీడియం వేవ్ పట్టే ఏర్పాటే లేదు. కొన్ని ఫోన్లలో రేడియో ఉన్నా అది ఎఫ్ఎం మాత్రమే. అదీ ఇయర్‌ఫోన్ వైరునే ఏరియల్‌గా వాడుకుని పనిచేస్తుంది. వైరు లేని బడ్స్ వచ్చి, చాలా ఫోన్లకు ఆ వైరు గుచ్చే రంధ్రమే తీసేశాక, లోపల చిప్ ఉన్నా ఉపయోగం లేకుండా పోయింది. ఫోన్లలో ఎఫ్ఎంను ఆపేయవద్దని 2023లో కేంద్ర ఐటీ శాఖ తయారీదారులకు సూచించాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో అర్థమవుతుంది.

ఇది చూసి రేడియో పనైపోయింది, ఇక పాటలన్నీ యాప్‌ల్లోనే అని తేల్చేస్తుంటారు. వినే పద్ధతి మారిందన్నది నిజమే. కానీ జిల్లా రేడియో చేసిన పనులు రెండు. ఒకటి పాటను మోసుకెళ్లడం. రెండోది, ఈ పాట ఫలానా ఊరిది, ఫలానా ఊరివాళ్లు అడిగారు అని చెబుతూ పాటకూ ప్రాంతానికీ ముడి వేయడం. మొదటి పనిని యాప్‌లు రేడియో కన్నా ఎంతో బాగా చేస్తున్నాయి. రెండో పని ఎవరికీ పట్టడం లేదు. కర్నూలు, అనంతపురం, కడప వైపు గాయకులకు ఇప్పుడు ఎదురవుతున్న చిక్కులు చాలావరకు అక్కడినుంచే మొదలవుతున్నాయి.

ఆడిషన్ గది

ఆకాశవాణిలో పాడాలంటే ముందు ఆడిషన్ నెగ్గాలి. నెగ్గినవారికి బి, బి-హై, ఎ, టాప్ అని గ్రేడులు. గ్రేడు వచ్చినవారిని కేంద్రం వంతులవారీగా పిలిచి పాడిస్తుంది, పారితోషికం ఇస్తుంది. డబ్బు కొద్దిదే, పేరు మాత్రం గట్టిగా వచ్చేది. హరికథ, భజన, నాటకం కరపత్రాల్లో పేరు కింద 'ఆకాశవాణి కళాకారులు' అని అచ్చు వేయించుకోవడం ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ ముద్ర ఉంటే తిరునాళ్ల కమిటీ బేరం దగ్గర నాలుగు రూపాయలు ఎక్కువ మాట్లాడుతుంది.

అలాగని ఆ గది అందరికీ న్యాయం చేసిందని చెప్పలేం. శ్రుతి, తాళం, ఉచ్చారణ చూసి మార్కులు వేసే పద్ధతిలో త్యాగరాజ కృతి పాడినవాళ్లకు ఇబ్బంది లేదు. డమరుకం పట్టి పాడే గొరవయ్య పాటను, అనంతపురం ఉరుముల వాద్యాన్ని ఆ కొలతతో ఎలా కొలుస్తారు? పైవాళ్ల అభిరుచి వినేవాళ్ల మీద రుద్దితే ఏమవుతుందో ఆకాశవాణికి స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది ఏళ్లకే అనుభవమైంది. 1952లో సమాచార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమా పాటలకు చోటు తగ్గించారు. శ్రోతలు ధర్నాలేమీ చేయలేదు, ముల్లు తిప్పి శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్ పెట్టుకున్నారు. తెలుగు ఇళ్లకు అనౌన్సరు మీనాక్షి పొన్నుదురై గొంతు పరిచయమైంది అక్కడినుంచే. చివరికి 1957లో ఆకాశవాణి సినిమా పాటలు వినిపించే వివిధ భారతిని మొదలుపెట్టక తప్పలేదు. వినేవాడి చేతిలో ముల్లు ఉన్నంతకాలం గేటు దగ్గర కాపలా ఉన్నవాడి అధికారానికి ఒక హద్దు ఉంటుంది. యాప్‌ల సంగతి మాట్లాడేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోవాల్సిన విషయమే.

జిల్లా కేంద్రాలకు ఉన్న అసలు బలం పోస్టుకార్డులు. కోరిన పాటల కార్యక్రమంలో పాట కన్నా ముందు పేర్లు వచ్చేవి. జమ్మలమడుగు నుంచి ఎవరెవరు, పులివెందుల నుంచి ఎవరెవరు అని అనౌన్సరు చదువుతుంటే తమ ఊరి పేరు కోసం చెవులు రిక్కించేవాళ్లు. శ్రోతల సంఘాలు పుట్టిందీ ఆ మోజుతోనే. ఏ మూల నుంచి ఏ పాట అడుగుతున్నారో తెలుసుకోవడానికి కేంద్రానికి సర్వేలతో పని లేదు, టేబుల్ మీది కార్డుల కట్టే చెప్పేది. అనంతపురంలో 101.7, కర్నూలులో 102.4 మెగాహెర్ట్జ్ మీద వచ్చే ఆకాశవాణి ఎఫ్ఎం కేంద్రాల పరిధి చిన్నది. ఎఫ్ఎంకు కొండ అడ్డొస్తే అంతే సంగతులు. అయితే ఆ కొద్ది పరిధి వల్లే అక్కడ మాట్లాడేది జిల్లా సంగతి అవుతుంది.

యాప్ ఎవరి పాటను ముందుకు తోస్తుంది

2016 సెప్టెంబరులో జియో రావడంతో డేటా చవకైంది. 2018లో జియో మ్యూజిక్, సావన్ కలిసి జియోసావన్ అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై, మరుసటి నెలలో యూట్యూబ్ మ్యూజిక్ మన దేశంలోకి వచ్చాయి. నంద్యాలలో ఒక చిన్న గదిలో రికార్డు చేసిన పాటను, యాప్‌లకు పాటలు చేరవేసే డిస్ట్రిబ్యూటర్ ద్వారా ఈ యాప్‌లన్నిటిలోకీ ఎక్కించవచ్చు. రికార్డింగుకు ఐఎస్ఆర్‌సీ అనే 12 అక్షరాల గుర్తింపు కోడ్ ఇస్తారు. ఆడిషన్ లేదు, సిఫార్సు లేదు, ఎవరి గుమ్మం ముందూ నిలబడనక్కర్లేదు. దీన్ని చిన్న మార్పు అనుకోకూడదు. క్యాసెట్ల కాలంలో ఒక ఆల్బమ్ తేవాలంటే కంపెనీ కోసం హైదరాబాదుకో విజయవాడకో మద్రాసుకో పోవాల్సి వచ్చేది.

చిక్కంతా ఎక్కించిన తర్వాత మొదలవుతుంది. పాట దేని గురించో యాప్‌కు పెద్దగా పట్టదు. ఈ పాట విన్నవాళ్లు ఇంకేం విన్నారన్న లెక్కే దానికి ప్రధాన ఆధారం. కొత్త పాటను కొంతమందికి చూపించి, వాళ్లు దాటేశారా, చివరిదాకా విన్నారా, సేవ్ చేసుకున్నారా అన్నది చూసి మరికొంతమంది ముందు పెడుతుంది. ఇంతవరకు ఎవరూ వినని పాటకు పోలిక దొరకదు కాబట్టి అది అక్కడే పడి ఉంటుంది. మొదటి వెయ్యి మందిని గాయకుడే తెచ్చుకోవాలి. రేడియోలో ఆ మొదటి వెయ్యి మంది అప్పటికే సెట్టు ముందు కూర్చుని ఉండేవాళ్లు.

పైగా యాప్‌కు తెలుగు అంటే ఒకటే తెలుగు. సినిమా పాట, తెలంగాణ జానపదం, అన్నమయ్య కీర్తన, డీజే రీమిక్స్ అన్నీ ఒకే కుప్ప. సీమలో వినికిడి అలా ఉండదు. ఆదోని, రాయదుర్గం, మడకశిర వైపు కన్నడ పాట ఇంటి పాటే. కడప, కర్నూలు పట్నాల్లో ఉర్దూ అంతే. కడప పెద్ద దర్గా ఉరుసుకు కవ్వాలీ వినడానికి వచ్చేవాళ్లలో తెలుగు మాట్లాడే హిందువులూ ఉంటారు. గుగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండగ పాటను ఏ మతం గడిలో, ఏ జానర్ గడిలో పెట్టాలో తేల్చడం ఏ యాప్ వల్లా కాదు.

పాట నడకకూ యాప్ లెక్కకూ మధ్య ఇంకో పేచీ ఉంది. స్పాటిఫైలో కనీసం 30 సెకన్లు వింటేనే ఒక ప్లే కింద లెక్క. ఆ లోపు దాటేస్తే పాట ఖాతాలో ఏమీ పడదు. అందుకే ఇప్పటి పాటల్లో ముందుమాట లాంటి సంగీతం తగ్గిపోయి, వినగానే పట్టేసే హుక్ లైను ముందుకు వచ్చేసింది. చేతుల్లో చెక్కలు మోగిస్తూ, అడుగులు వేస్తూ పాడే చెక్కభజన దీనికి పూర్తిగా వ్యతిరేకం. గురువు పాటకు ముందు వచ్చే సాకీని నిదానంగా ఎత్తుకుంటాడు, జట్టు అందుకుంటుంది, అడుగులు కుదురుకుంటాయి, ఆ తర్వాత గానీ చెక్కల వేగం పెరగదు. అందులోని మజా అంతా ఆ పెరుగుదలలోనే ఉంది. చివరి వేగం ఒక్కటే కోసి అర నిమిషం రీల్ చేస్తే చూడ్డానికి బాగుంటుంది, కానీ అది చెక్కభజన కాదు, చెక్కల చప్పుడు. అయినా జట్లు ఆ పనే చేస్తున్నాయి, చేయకపోతే ఎవరూ చూడరు కాబట్టి. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించాక ఆ జనమంతా రీల్స్‌కూ షార్ట్స్‌కూ మారారు, నిడివి మీద ఒత్తిడి మాత్రం తగ్గలేదు. పూర్తి భజనను యూట్యూబ్‌లో ఒక వీడియోగా పెట్టి, ముక్కను దానికి దారి చూపేందుకు వాడుకోవడం కొంత నయమైన పద్ధతి. ముక్కతోనే ఆగిపోయేవాళ్లే ఎక్కువ అనుకోండి.

గుత్తి తండా నుంచి హైదరాబాదు మీదుగా

డిజిటల్ కాలంలో సీమ నుంచి వచ్చిన పెద్ద పేరు మంగ్లీ. అనంతపురం జిల్లా గుత్తి మండలం బసినేపల్లి తండాలో పుట్టారు, తిరుపతిలో సంగీతం చదువుకున్నారు. జనానికి తెలిసింది మాత్రం హైదరాబాదులోని వీ6 చానల్‌తో, ఆ తర్వాత మైక్ టీవీ యూట్యూబ్ పాటలతో. ఆమె బతుకమ్మ పాటలు, తెలంగాణ పండగ పాటలు ఇంటింటికీ చేరాక సినిమా అవకాశాలు వచ్చాయి. ఫోనులో అందరికీ ఒకే యూట్యూబ్ ఉన్నప్పుడు, అనంతపురం అమ్మాయి పాట హైదరాబాదు మీదుగా ఎందుకు రావాలి?

ఎందుకంటే యూట్యూబ్ చోటు ఇస్తుంది, ప్రచారం చేయదు. తెలంగాణలో ప్రచారం చేసే యంత్రాంగం వేరే ఉంది. పాట రాసేవాళ్లు, ట్యూన్ కట్టేవాళ్లు, చిత్రీకరించేవాళ్లు, వరుసగా పాటలు వదిలే చానళ్లు, పండగ పండగకూ ఎదురుచూసే శ్రోతలు. ఉద్యమ కాలంలో పాటకు దొరికిన గౌరవం దాని వెనక పనిచేసింది. ఒక చానల్‌లో ఒక పాట హిట్టయితే, తర్వాతి పాటకు మొదటి వెయ్యి మంది అక్కడే ఉంటారు. సీమలో పాడేవాళ్లకు కొదవ లేదు. వదిలే చానల్ నిలకడగా లేదు. ఒక్కొక్క గాయకుడు ఒక్కొక్క చానల్ తెరిచి, నాలుగు పాటలు పెట్టి, వ్యూస్ రాక మానేయడం మామూలైపోయింది. పది జట్లు కలిసి ఒకే చానల్ నడుపుకుంటే ఫలితం వేరుగా ఉండేది. కళాకారుల మధ్య ఆ పొత్తు కుదరడం ఎంత కష్టమో ఈ రంగంలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు.

మరో అడ్డంకి కంటికి కనబడనిది. యూట్యూబ్ స్టూడియోలోనూ స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లోనూ పాటను ఏ నగరాల్లో వింటున్నారో చూపిస్తారు. పోస్టుకార్డుల కట్టకు ఇది ఆధునిక రూపం కావాలి. కానీ మొబైల్ డేటా విషయంలో, వినేవాళ్లు ఎక్కడున్నారో అంచనా వేయడానికి వాడే ఐపీ అడ్రస్ చాలాసార్లు కంపెనీ నెట్‌వర్క్ కేంద్రం ఉన్న పెద్ద నగరాన్నే చూపిస్తుంది. యాడికిలో విన్నా, ఎమ్మిగనూరులో విన్నా లెక్క హైదరాబాదులోనో బెంగళూరులోనో చెన్నైలోనో పడే అవకాశం ఎక్కువ. తన పాటకు సొంత జిల్లాలో ఆదరణ ఉందో లేదో గాయకుడికి తెలియదు, స్థానిక వ్యాపారిని స్పాన్సర్‌షిప్ అడుగుదామంటే చూపించడానికి కాగితం లేదు. విచిత్రమేమంటే, దూరాన ఉన్నవాళ్లే స్పష్టంగా కనిపిస్తారు. రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లు అక్కడ విన్న పాట కువైట్ లెక్కలోనే పడుతుంది.

వాట్సాప్ లెక్కలైతే ఎవరికీ అందవు. సీమ ఊళ్లలో పాట ఎక్కువగా తిరిగేది వాట్సాప్ గ్రూపుల్లో, ట్రాక్టరుకు పెట్టిన పెన్‌డ్రైవుల్లో. లింకు పంపితే వ్యూ పడుతుంది, వీడియో ఫైలు పంపితే పాట ఎంతమంది విన్నా ఖాతాలో సున్నా. మన పాటే కదా అని అభిమానంతో ఫైలు ఫార్వర్డ్ చేసేవాళ్లే తెలియకుండా గాయకుడికి నష్టం చేస్తున్నారు.

డబ్బు, హక్కు

యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణం ఉండాలి, లేదా షార్ట్స్‌కు 90 రోజుల్లో కోటి వ్యూస్ రావాలి. స్పాటిఫై 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో వెయ్యి ప్లేలు దాటని పాటకు రికార్డింగ్ రాయల్టీ ఇవ్వడం లేదు. దాటినా మొత్తం ఆదాయాన్ని ఒక కుప్పగా పోసి, మొత్తం ప్లేలలో ఎవరి వాటా ఎంతో అంత పంచుతారు. సినిమా పాటకు కోట్లలో ప్లేలు వచ్చే చోట జానపదం వాటా ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. కాబట్టి గాయకులకు యాప్ పాట విజిటింగ్ కార్డు లాంటిది. డబ్బు వచ్చేది వీడియో కింద ఇచ్చిన నంబరుకు జాతర కమిటీ ఫోన్ చేసినప్పుడే. వ్యూస్ కొనిపెడతామని తిరిగేవాళ్లకు డబ్బు కట్టడం అందుకే శుద్ధ దండగ. అమెరికాలో డిస్క్ జాకీలకు లంచమిచ్చి పాటలు వేయించుకున్న వ్యవహారం మీద 1959లో విచారణ మొదలైంది. ఇప్పటి దొంగ ప్లేలు అదే రోగానికి కొత్త రూపు. తేడా ఏమంటే అప్పట్లో పాటన్నా మనుషులు వినేవాళ్లు.

హక్కుల సంగతి ఇంతకన్నా సున్నితం. తరతరాలుగా పాడుతున్న పాట ఎవరి సొత్తూ కాదు. 1847లో కోయిలకుంట్లలో ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద ఊరూరా పాడిన పాటను ఎవరైనా పాడుకోవచ్చు. కానీ దాని ఒక్కో రికార్డింగుకూ కాపీరైటు ఉంటుంది, ఆ రికార్డింగును, పోలిన పాటలను పట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీ వ్యవస్థలో నమోదు చేసుకోవచ్చు కూడా. ముందు నమోదు చేసిన కంపెనీ పాటకూ, ఊళ్లో మరో జట్టు పాడిన పాటకూ పోలిక తగిలితే హక్కు తమదంటూ క్లెయిమ్ వచ్చి పడుతుంది. దానికి జవాబు ఇచ్చుకోవచ్చన్న సంగతే తెలియక వీడియో తీసేసుకునేవాళ్లు ఉంటారు. ఒకసారి డబ్బు తీసుకుని చానల్‌కు రికార్డింగు రాసిచ్చేసిన గాయకులకు ఆ తర్వాత పాట ఎంత నడిచినా పైసా రాదు. 2012 కాపీరైటు సవరణ తర్వాత గేయ రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను కంపెనీకి పూర్తిగా రాసిచ్చేయడం చెల్లదు. సొంతంగా పాట రాసుకునే సీమ కవులు, రచయితల, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్ఎస్ సంఘంలో సభ్యులైతే ఆ వాటా అడగవచ్చు.

అదే సవరణతో వచ్చిన 31డి సెక్షన్ రేడియోకు ఒక వెసులుబాటు ఇచ్చింది. విడుదలైన పాటను నోటీసు ఇచ్చి, నిర్ణయించిన రాయల్టీ కట్టి ప్రసారం చేసుకోవచ్చు. కంపెనీలతో విడివిడిగా బేరం ఆడాల్సిన పని లేదు. ఈ వెసులుబాటు ఇంటర్నెట్ స్ట్రీమింగుకు వర్తించదని 2019లో బాంబే హైకోర్టు చెప్పింది. అంటే కడపలో ఎవరైనా సీమ పాటలతో చిన్న యాప్ పెట్టాలంటే ప్రతి కంపెనీ గడపా ఎక్కాల్సిందే. పెద్ద యాప్‌లే మిగలడానికి ఇదీ ఒక కారణం.

ఎఫ్ఎంలు వస్తే

కేంద్రం దశలవారీగా ఇస్తున్న ప్రైవేటు ఎఫ్ఎం లైసెన్సుల్లో రెండో దశలో సీమకు దక్కింది తిరుపతి ఒక్కటే. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 చానళ్ల వేలానికి ఒప్పుకుంది. ఆ జాబితాలో కడప, కర్నూలు, అనంతపురంతో పాటు ఆదోని, ప్రొద్దుటూరు లాంటి ఊళ్లూ ఉన్నాయి. ప్రొద్దుటూరు బంగారు కొట్లు, ధర్మవరం చీరల దుకాణాలు, కార్పొరేట్ కాలేజీలు ప్రకటనలు ఇస్తాయి, అందులో అనుమానం లేదు. స్థానిక పాట వస్తుందా అన్నదే అనుమానం. ఒకే సంస్థ తన స్టేషన్లన్నిటిలో ఒకే కార్యక్రమం వేసుకోవడానికి మూడో దశ నియమాలు అనుమతిస్తాయి. హైదరాబాదులో రికార్డు చేసిన షో, మధ్యమధ్యలో ప్రొద్దుటూరు ప్రకటనలు వేసి నడిపితే ఖర్చు కలిసొస్తుంది. సొంతంగా వార్తలు చెప్పడానికి వీల్లేదు కాబట్టి ఊరి సంగతులకూ చోటు తక్కువే.

స్థానిక సంస్థలు తమ ఊరివాళ్ల కోసం నడుపుకునే కమ్యూనిటీ రేడియో సంగతి వేరు. దాని ప్రసార శక్తి 100 వాట్లే, కానీ కార్యక్రమాల్లో సగమైనా స్థానికులతో తయారు కావాలన్నది నిబంధన. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు 2002లోనే 'మన రేడియో' నడిపారు. స్వచ్ఛంద సంస్థలకు లైసెన్సు ఇచ్చే విధానం అప్పటికి లేదు. 2003లో అధికారులు దాన్ని మూయించారు. ఆ విధానం 2006లో వచ్చింది. అంటే ఓర్వకల్లు మహిళలు నాలుగేళ్లు ముందు పుట్టించారు, అదే వాళ్ల నేరం. ఇప్పుడు గంటకు 12 నిమిషాల ప్రకటనలు కూడా వేసుకోవచ్చు. అయినా సీమలోని విశ్వవిద్యాలయాలు, కాలేజీలు దీన్ని పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. అక్కడ పాడిన పాటను అదే రోజు యూట్యూబ్‌లో పెడితే, యాప్‌కు కావలసిన మొదటి శ్రోతలు ఊళ్లోనే దొరుకుతారు.

ఆకాశవాణి దగ్గర వేరే ఆస్తి ఉంది. కడప కేంద్రం దశాబ్దాలుగా సీమ జానపదాలను, తత్వాలను, భజనలను రికార్డు చేసింది. ఆకాశవాణి ప్రసారాలు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ప్రపంచమంతటా లైవ్‌గా వస్తాయి. కానీ లైవ్ అంటే లైవే. ఇక్కడ ఉదయం ఆరున్నరకు వచ్చే భక్తి పాట కువైట్‌లో తెల్లవారుజామున నాలుగింటికి వస్తుంది. డ్యూటీకి పోయే మనిషి దాన్ని సాయంత్రం వినాలంటే అది ఎక్కడో దాచి ఉండాలి, వెతికితే దొరకాలి. దొరకాలంటే టైటిల్ తెలుగు లిపిలో ఉండాలి. ఫోనుకు తెలుగులో చెప్పి వెతికేవాళ్లు పెరుగుతున్నారు, అదే ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఉయ్యాలవాడ ఒక్కటే నాలుగు రకాల స్పెల్లింగులు అవుతుంది. గాయకుల పేరు, ఊరు, మండలం, పాట రకం, వాద్యాలు, రికార్డు చేసిన సంవత్సరం అన్నీ కింద ఉండాలి. ఇందుకు కొత్త యాప్ కట్టనక్కర్లేదు, కేంద్రానికి ఒక యూట్యూబ్ చానల్, పాత టేపుల అట్టల మీది చేతిరాతను చూసి టైపు చేసే ఇద్దరు మనుషులు చాలు.